కింది నుంచి నాలుగో పేరు

అరవై ఆరు. గోడ మీద ఎర్ర అంకెలు అక్కడ ఆగి చాలాసేపయింది. మా చీటీ ఎనభై మూడు. మా చీటీ అంటున్నాను గానీ అది యానిత్సాది, నేను తోడు వచ్చినదాన్ని. కోర్సు వదులుకోవడానికి ఇవాళే ఆఖరి రోజు, నాలుగింటికి కిటికీలు మూసేస్తారు. చీటీలిచ్చే మిషన్ మూడున్నరకే ఆగిపోతుందని తలుపు మీద కాగితం అంటించారు, అంటే మన అంకె దాటిపోతే ఇక అంతే సంగతులు. గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. రిజిస్ట్రార్ హాల్లో ఏసీ పనిచేయడం లేదు, ఇది పనిచేసిన రోజు నాకు గుర్తు లేదు. ప్లాస్టిక్ కుర్చీకి నా తొడలు అతుక్కుపోయాయి. పక్క కుర్చీలో యానిత్సా పసుపు కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఆ ఫైల్ని ఒళ్ళో పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించి పరీక్ష హాల్లో కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది. ఆ కాగితం మీద ప్రొఫెసర్ మలవే సంతకం ఉంది. ఇక కావలసింది కిటికీ అవతలి గుమస్తా మిల్తా, పెద్దావిడ కాబట్టి మాకు దోన్యా మిల్తా, వేసే ముద్ర ఒక్కటే. ఆ ముద్ర పడితే యానిత్సా బతుకుతుంది, నేను పోతాను. ఈ మాట ఇంత సూటిగా మనసులో అనుకోవడం ఇదే మొదటిసారి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే ఇలాంటి ఆలోచనలని సర్దిచెప్పుకున్నాను.

అరవై ఏడు. ఎవరో లేచారు. క్యూలో ముందున్నవాళ్ళు పోతే మనకు మేలు, ఇది అందరికీ తెలిసిందే. మార్కుల కర్వ్‌లో అలా కాదు, వెనకున్నవాళ్ళు పోతే మనకు చేటు. ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసులో ఇప్పుడు ఇరవై ఎనిమిదిమందిమి ఉన్నాం. ఆగస్టులో నలభైమందిమి, ఒక్కొక్కరే రాలిపోయారు. నిజంగా ఎన్ని మార్కులొచ్చాయన్నది మలవే గారికి అక్కర్లేదు, ఎవరి పైన ఎవరున్నారన్నదే ఆయనకు లెక్క. అందరినీ పై నుంచి కిందికి పేరుస్తారు, పై వాళ్ళకు ఏ, తర్వాత బీ, తర్వాత సీ, చిట్టచివర పదిమందికి ఒకరు చొప్పున ఎఫ్, పదులు పోగా మిగిలినవాళ్ళకి ఇంకొకరు. ఇరవై ఎనిమిదిమందికి ముగ్గురు తప్పాలి. ఇరవై ఏడుగురికీ ముగ్గురే. కింది నుంచి మొదటివాడి ముఖం ఎవరూ చూడలేదు, రావడం మానేసి కాగితం ఇవ్వడం మర్చిపోయినవాడు. రెండోవాడు బేస్‌బాల్ జట్టులో ఆడతాడు, తప్పినా నవ్వుతాడు. మూడోది యానిత్సా. నాలుగోదాన్ని నేను, గ్లోరిమార్ని, నిరుడు ఇదే కోర్సులో తప్పినదాన్ని. రెండోసారీ తప్పితే డిపార్ట్‌మెంట్ నుంచి పేరు కొట్టేస్తారు, ఇక సైన్సు లేదు, లేబొరేటరీ లేదు, తెల్ల కోటు కుట్టించి మేకుకి తగిలించిన అమ్మకి ఏం చెప్పాలో తెలియదు. ఫైనల్ పరీక్ష ఉంది కదా అనొచ్చు. ఉంది. నా పైనున్నవాడు నాకంటే పంతొమ్మిది మార్కులు పైన ఉన్నాడు, ఫైనల్‌కి వాడూ చదువుతాడు, వాడికి మాత్రం భయం ఉండదా. యానిత్సా ఉంటే నేను ఒడ్డున ఉంటాను, లేకపోతే ఆ చోటు నాది, లెక్క ఇంతే, దీనికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

"ఏమే, అంత చెమటలు పడుతున్నాయి నీకు? నేనేగా కోర్సు వదిలేది, నువ్వెందుకు వణుకుతావ్?" అంది యానిత్సా, నవ్వుతూ. ఫైల్‌తో నాకు విసిరింది. నేను కూడా నవ్వాను. పొద్దున బస్సులో ఇది నన్ను అడిగింది, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏదో మాటవరసకి అడిగినట్టు, "నేను వెళ్ళిపోతే నీకేమన్నా అవుతుందా గ్లోరీ?" అని. మార్కుల లిస్టు మలవే గారి తలుపు మీదే ఉంటుంది, పేర్లుండవు, మా విద్యార్థి నెంబర్లలో ఆఖరి నాలుగు అంకెలుంటాయి, ఎవరి అంకెలు ఎవరివో పసిపిల్లలకైనా తెలుసు. దానికి తెలియదా? తెలిసే అడిగిందా, తెలియక అడిగిందా? నేను "నాకేం అవుతుందే, నీ మొహం" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ప్రేమతో అన్నానా పొగరుతో అన్నానా అని బస్సు దిగేదాకా ఆలోచించాను, రెండూ అయి ఉండొచ్చు. అవుతుందే, చాలా అవుతుంది, వెళ్ళకే అని ఉంటే అది ఉండిపోయేది, అది అలాంటిది. అందుకే అనలేదు. ఇప్పుడు మాత్రం అని ఉంటే బాగుండేదని లోపల ఎవరో సణుగుతున్నారు.

దీనికి ఎఫ్ వస్తే నర్సింగ్ స్కూల్ వాళ్ళు గడప తొక్కనివ్వరు. సైన్సులో ఒక్క ఎఫ్ ఉన్నా దరఖాస్తు తెరవకుండానే పక్కన పడేస్తారట. వదులుకుంటే మచ్చ ఉండదు, జనవరిలో చేరిపోవచ్చు. ఇది నర్సు కాకపోతే ఇంకెవరవుతారు? వాళ్ళ బామ్మ దోన్యా ప్రోవికి వారానికి మూడు రోజులు డయాలసిస్, తెల్లారకముందే లేచి కొండ దించి తీసుకెళ్ళేది ఇదే, సూది ఎక్కడ గుచ్చితే ముసలమ్మ మూలగదో అక్కడి నర్సులకే చెప్పేది ఇదే. రెండో పరీక్ష రోజున సెంటర్లో కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, బామ్మని ఇంకో ఊరికి తరలించాల్సి వచ్చింది, పరీక్షకి వచ్చేసరికి సగం సమయం అయిపోయింది. ఇరవై రెండు వచ్చాయి. ఆ ఇరవై రెండు మీద నేను నిలబడ్డాను. ల్యాబులో చూడాలి దీన్ని. అందరికీ అదే పొడి, అదే నీళ్ళు, అదే మంట, దీని గాజుగిన్నెలో స్ఫటికాలు మల్లెమొగ్గల్లా తెల్లగా దిగేవి, నా దాంట్లో బెల్లం అడుగంటినట్టుండేది. సంతకం పెడుతూ మలవే గారు అన్నారట, "నీ చేతులు మంచివమ్మా. చేతులకి మార్కులు వెయ్యడానికి నా పట్టీలో గడి లేదు," అని. చెప్పి యానిత్సా మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. గడి లేకపోతే గీసుకోవచ్చుగా, పెన్సిలు ఆయన చేతిలోనేగా ఉంది.

అలాగని ఆయన్ని తిట్టడానికి కూడా నోరు రాదు. మొదటి ఏడాది ఆయన చెప్పిన వేరే కోర్సు పరీక్షలో నాకు యాభై రెండు వచ్చాయి, ఏడుస్తూ ఇంటికెళ్ళాను, పట్టీలో చూస్తే బీ. క్లాసులో సగటు ముప్పై ఎనిమిది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు ఆ ఏడాది నేనే వృక్షాన్ని. అప్పుడు నాకు కర్వ్ కన్నతల్లి. మా ఊరు లాస్ మరియాస్‌లో మా నాన్న పదో తరగతికి సైన్సు చెప్పేవాడు, ఆయన దగ్గర ఎనభై వస్తే ఎనభయ్యే. "సంతలో జనం తగ్గారని తూకపురాయి బరువు మారుతుందటే?" అనేవాడు అన్నం ముందు. "నాన్నా, నీ రాయి మరీ తేలిక. నీ దగ్గర నాకు తొంభై ఎనిమిది వచ్చింది, ఇక్కడ యాభై రెండు. ఏది నిజం?" అని అడిగాను. ఆయన పళ్ళెంలో చిక్కుడుగింజలు అటూ ఇటూ నెట్టాడు. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను. మలవే గారు క్లాసులో చెప్పింది కూడా నాకు నచ్చింది, "నేనూ మనిషినే, పిచ్చి ప్రశ్న ఇస్తాను, తప్పు ప్రశ్న ఇస్తాను. నా తప్పుకి మీరంతా సమానంగా నష్టపోతారు, అప్పుడు ఎవరి చోటులో వాళ్ళుంటారు. కర్వ్ నా నుంచి మిమ్మల్ని కాపాడుతుంది." నిజమే. ఆయన నుంచి కాపాడింది. మా నుంచి మమ్మల్ని ఎవరు కాపాడాలో ఆయన చెప్పలేదు.

డెబ్భై ఒకటి. ఒక కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీ దగ్గర చేతులు జోడిస్తున్నాడు, వాడి అంకె అరవై తొమ్మిదట, ఫోటోకాపీకి వెళ్ళాడట. దోన్యా మిల్తా కళ్ళద్దాల పైనుంచి చూసింది. "నీకోసం ఆఫీసంతా ఎదురుచూడాలా బంగారం? నీ పెళ్ళా ఇది? సరే, ఇటివ్వు. ఇంకెవరికీ చెప్పకు, అందరూ ఇలాగే తయారవుతారు." అని హాలంతటికీ వినిపించేలా అని, ముద్ర వేసి పంపింది. జనం నవ్వారు. "ఈవిడ మనసు వెన్న," అంది యానిత్సా. అవును, అన్నాను. తుఫాను తర్వాత పెట్రోలు కోసం మా ఊళ్ళో మైలు పొడుగు క్యూ ఉండేది, జనం కొట్టుకోకుండా నాన్న పాత నోటుపుస్తకం చింపి అంకెలు రాసి పంచాడు. ఎవరైనా పసిబిడ్డతో వస్తే తన చీటీ ఇచ్చేసి మళ్ళీ చివరికి వెళ్ళేవాడు. మూడుసార్లు అలా చేశాడు. అమ్మ తిట్టింది, "నీ దానం తగలెయ్య, మనకి జనరేటర్ నడవొద్దా?" అని. నేను కూడా లోపల తిట్టుకున్నాను. ఆ వయసులోనే నాలో మలవే గారి పట్టీ ఉందేమో. ఏమో, పాపం ఆయన్నెందుకు అనాలి, పట్టీ ఆయనదీ కాదు, డిపార్ట్‌మెంట్‌ది, డిపార్ట్‌మెంట్‌ని అడిగితే ఇంకెవరిదో అంటారు, పైకి పోతూ పోతూ ఎక్కడో ఒక చోట గీసినవాడు ఉండడు, గీత మాత్రం ఉంటుంది.

మేం కూడా తక్కువ తిన్నామా. క్లాసు వాట్సాప్ గ్రూపులో అబ్దియెల్ అనే వాడున్నాడు, అందరికంటే పైన ఉంటాడు, లిస్టు పడగానే ఎవరి అంకెలు ఎవరివో విప్పి పెట్టేది వాడే. యానిత్సా వదిలేద్దామనుకుంటోందని అక్టోబరులో తెలియగానే యానిత్సా లేని ఇంకో గ్రూపు పుట్టింది. అందులో వాడు రాశాడు, "ఒరేయ్, పునాది కదిలిపోతోంది, పట్టుకోండి." అంతే, అప్పట్నుంచి దానికి రాజభోగాలు. ఒకరు కారులో దింపుతారు, ఒకరు నోట్సు ఇస్తారు, పుట్టినరోజుకి జామపండు కేకు తెప్పించారు, కొవ్వొత్తులు వెలిగించి "యానిత్సా, నువ్వు లేకపోతే మేమేమైపోతామే!" అని అరిచారు. అది ఏడ్చేసింది. "మనవాళ్ళకి నేనంటే ఎంత ప్రేమే గ్లోరీ," అంది నా భుజం తడిసిపోయేలా. కేకు డబ్బా తెరిచింది నేనే. కత్తి అందించింది నేనే. రెండో గ్రూపులో నేనూ ఉన్నాను, ఏమీ రాయలేదు, అన్నీ చదివాను. ఇన్నాళ్ళూ దాన్ని పాస్ చేయించడానికి ఒక్కడూ కూర్చుని ఒక్క లెక్క చెప్పలేదు, నోట్సు ఇచ్చినవాడు కూడా పాత ఏడాది నోట్సు ఇచ్చాడు, అది పైకి వస్తే ఎవడో కిందికి పోవాలి కదా. నేను చెప్పానా? చెప్పాను, కొంచెం. మూడో అధ్యాయం దాకా చెప్పాను. నాలుగోది నాకూ సరిగ్గా రాదు అన్నాను. వచ్చు.

డెబ్భై ఎనిమిది. మిషన్‌కి ప్లాస్టిక్ సంచీ తొడిగి కట్టేశారు, ఇక చీటీలు లేవు. యానిత్సా ఫోను మోగింది. డయాలసిస్ సెంటర్ నుంచి. ఈ హాల్లో మాట సరిగ్గా వినపడదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. "బామ్మకేమైందో ఏమో, ఒక్క నిమిషం బయటికెళ్ళి మాట్లాడొస్తా. ఇది పట్టుకో," అని ఫైలూ చీటీ నా ఒళ్ళో పెట్టింది. "నా అంకె వస్తే తలుపు దగ్గరికొచ్చి ఒక్క కేక పెట్టు, పరిగెత్తుకొస్తా. వచ్చేటప్పుడు తినడానికి ఒక కెసీతో తెస్తా, నీ మొహం చూస్తే పడిపోయేలా ఉన్నావ్." వెళ్ళిపోయింది. ల్యాబు రోజుల్లో మధ్యాహ్నం బండి దగ్గర ఒక్క కెసీతో కొనేది, చక్కెర పూత మెరుస్తూ, లోపల జున్ను వేడివేడిగా, దాన్ని విరిచి ఎప్పుడూ పెద్ద ముక్క నాకే ఇచ్చేది. ఒకసారి అడిగాను ఎందుకే అని. "నీకు ఆకలెక్కువ," అంది. నిరుడు నేను తప్పినప్పుడు మూడు రోజులు మా గదిలోనే పడుకుంది, ఓదార్చలేదు, అన్నం వండింది, నా జుట్టు దువ్వింది.

ఎనభై. ఫైలు ఎంత తేలిగ్గా ఉందో. తెరిచి చూడకూడదు, చూశాను. దాని చేతిరాత గుండ్రంగా, కారణం అన్న గడిలో "కుటుంబ పరిస్థితి" అని రాసి, కింద పేరు, తారీకు. మలవే గారి సంతకం కోడి గీరినట్టుంది. అది పరీక్షకి సగం సమయం అయిపోయాక వచ్చిందని, దాని గడియలు బామ్మ రక్తంతో పాటు గొట్టంలో తిరుగుతున్నాయని ఈ కాగితానికి తెలియదు, తలుపు మీది లిస్టుకి తెలియదు. నాకు తెలుసు. తెలిసిన వాళ్ళలో ఈ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. ఎనభై ఒకటి. బయటికి చూస్తే గాజు తలుపు అవతల యానిత్సా వీపు కనిపిస్తోంది, ఒక చెవి మూసుకుని ఫోనులో మాట్లాడుతోంది, తర్వాత మెట్లు దిగి బండి వైపు వెళ్ళింది, కనిపించడం మానేసింది. తలుపు ఎంత దూరం, పన్నెండు అడుగులు, పదమూడు. లేవాలి. ఎనభై రెండు వచ్చినప్పుడే లేచి వెళ్ళి నిలబడాలి, అదీ పద్ధతి. ఎనభై రెండు వచ్చింది. తొడలు కుర్చీకి అతుక్కున్నాయి. అమ్మ కుట్టించిన తెల్ల కోటు కనిపించింది, జేబు మీద నా పేరు ఎర్రదారంతో, ర దగ్గర దారం అయిపోతే నారింజరంగుతో కుట్టింది. తప్పితే అది ఎవరు తొడుక్కుంటారు? ఎవరికీ సరిపోదు, నా కొలతకి కుట్టింది. నేను చెడ్డదాన్ని కాదు. నాలుగో అధ్యాయం చెప్పలేదు, అంతే. కేకుకి కత్తి అందించాను, అంతే.

ఎనభై మూడు.

"ఎనభై మూడు!" దోన్యా మిల్తా గొంతు. ఇప్పుడు లేస్తాను అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, కాళ్ళకి చెప్పాను కూడా. "ఎనభై మూడు ఎవరమ్మా? ఉన్నారా, నిద్రపోయారా?" నా చేతిలో చీటీ చెమటకి మెత్తబడి అంకె అలుక్కుపోతోంది. చేతిని మూశాను. లేవకపోవడానికి నేనేమీ చేయలేదు, లేవడానికే ఏదో చేయాలి, ఆ చేసేది నాలో ఎక్కడుందో వెతుకుతున్నాను, దొరకడం లేదు, అమ్మా, దొరకడం లేదు. ఆవిడ హాలంతా ఒకసారి కలియజూసింది, నా మీదుగా కూడా చూపు వెళ్ళింది, నేను ఎవరి కోసమో వచ్చినదానిలా ముఖం పెట్టాను, పైగా అది నిజమే కదా. మూడోసారి పిలవలేదు. టిక్ మంది. ఎనభై నాలుగు. ఒక అమ్మాయి లేచి పరుగున వెళ్ళింది. అంతేనా, ఇంతేనా అనిపించింది. ఉరుము ఏమీ ఉరమలేదు. నాకు హాయిగా కూడా అనిపించలేదు. ఇప్పుడైనా వెళ్ళొచ్చు. ఎనభై అయిదు. ఇప్పుడైనా.

తలుపు తెరుచుకుని వేడిగాలి వచ్చింది, దాంతో పాటు యానిత్సా. ముఖం వెలిగిపోతోంది, చేతిలో నూనె మరకల కాగితం పొట్లం. "బామ్మకేం కాలేదే, మంచం కిటికీ పక్కకి మార్చమని గొడవ చేస్తోందట, నర్సులు నాతో చెప్పించారు. ఆ ముసలిదానికి కిటికీ కావాలట!" అంటూ కూర్చుంది. "పిలిచారా?"

"ఇంకా లేదు," అన్నాను.

నా నోరే అంది. అది తలెత్తి బోర్డు చూసింది. ఎర్రగా ఎనభై ఆరు. చాలాసేపు చూసింది, చిన్నప్పుడు అంకెలు నేర్చుకునేవాళ్ళు చూసినట్టు ఒక్కో అంకెనీ చూసింది. తర్వాత నా మూసిన చేతిని చూసింది. నేను నేలమీది గళ్ళు చూస్తున్నాను, అయినా అది చూడటం నాకు తెలిసింది. ఏదో ఒకటి అనవే, తిట్టవే, జుట్టు పట్టుకో, కిటికీ దగ్గరికి నువ్వే పరిగెత్తు, నేనడ్డం రాను, ఒట్టు. అది నా ఒళ్ళోంచి ఫైలు తీసి తన ఒళ్ళో పెట్టుకుంది, ఇందాకటిలాగే రెండు చేతులూ దాని మీద ఆనించింది. కాసేపటికి పొట్లం విప్పింది. కెసీతోని మధ్యకి పట్టుకుని విరిచింది, పూత చిటపటమని రాలింది. రెండు ముక్కల్నీ ఒకసారి చూసుకుని పెద్దది నాకిచ్చింది.

"తిను. చల్లారిపోతుంది."

గడియారంలో నాలుగుకి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. దోన్యా మిల్తా మనసు వెన్న. నేను నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు. నోట్లో కెసీతో ఉంది.